చేతిమీద డేగ

డేగవేట మన దేశానికి కొత్త కాదు. సాళువము అంటే డేగ. విజయనగరాన్ని ఏలిన ఒక వంశానికి ఆ పేరే ఉన్నది. నేడు డబ్బిచ్చి కాసేపు డేగను చేతిమీద నిలుపుకొనే చోట్లు విదేశాలలో వెలిశాయి. ఐర్లండులో కాంగ్ అనే ఊరి దగ్గర, ఆష్‌ఫర్డ్ కోట ఆవరణలో, 1999లో ఇట్లాంటి డేగల బడి ఒకటి పెట్టారు.

అక్కడ మీ ఎడమచేతికి దళసరి తోలు తొడుగు వేసి, హ్యారిస్ డేగను ఎక్కిస్తారు. అమెరికా ఖండాల పక్షి. డేగలలో చాలామట్టుకు ఒంటరివి. ఇది మాత్రం గుంపుగా కూడి వేటాడుతుంది. అందుకే మనిషి పక్కన ఇముడుతుంది. వదిలితే చెట్టెక్కుతుంది. తొడుగుమీద మాంసపు ముక్క ఉంచి చెయ్యి చాపితే, తిన్నగా వచ్చి వాలుతుంది.

చూచినవారు ఎంత విశ్వాసమో అనుకుంటారు. విశ్వాసం కాదండీ, ఆకలి! పెంచేవాడు రోజూ దానిని త్రాసులో తూస్తాడు. మగది సుమారు 700 గ్రాములు, ఆడది కిలో. కడుపు నిండితే చెట్టు దిగదు. మరీ మాడిస్తే నీరసించి చస్తుంది. ఆ రెంటికీ నడుమ బరువు కనిపెట్టడంలోనే ఉన్నది విద్యంతా. ఎద్దుకు మేత తగ్గితే పని తగ్గుతుంది. డేగకు మేత మిగిలితే పని తగ్గుతుంది.

అమెరికాలో కొందరు ద్రాక్షతోటల వారు పిట్టలను తోలడానికి డేగలవారిని కుదుర్చుకుంటారు. డేగను చూచి గుంపులు లేచిపోతాయి. అది రావడం మానితే పిట్టలు మళ్ళీ దిగుతాయి.

ఇది విని, గూటిలోని పిల్లను దించి పెంచుదామని మీ కుర్రవాళ్ళు అనవచ్చును. వద్దని చెప్పండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. త్రాసు విద్య తెలియని చేతిలో ఆ పిల్ల బ్రతకదు కూడాను.

మనకు కావలసినవి విడిగా తిరిగేవి. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచే తెల్లని చిన్న గద్ద పగలు, గుడ్లగూబ రాత్రి, మన ఎలుకలనే తింటాయి. మందు పెట్టిన చేలో చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పాతిపెట్టండి. వాటిని తిన్న గుడ్లగూబా చావవచ్చును. విస్తరణ ఉద్యోగులు మందు వాడకం చెప్పేటప్పుడు ఈ మాటా చెప్పవలెను. పైరుకన్న ఎత్తుగా అడ్డకర్ర కట్టిన గుంజలు అక్కడక్కడ నాటితే ఈ పక్షులు కాపు వేస్తాయి. జొన్న వంటి పైర్లలో గింజ పట్టగానే మాత్రం వాటిని పీకివేయండి, లేకుంటే గింజ తినే పిట్టలు వచ్చి వాటిమీదే కూర్చుంటాయి.