పైన్ చెట్టుకు జబ్బు చేస్తే పొదలెందుకు పీకారు?

1930లలో అమెరికా ప్రభుత్వం వేలమంది నిరుద్యోగ యువకులకు కూలి ఇచ్చి అడవుల్లో రైబీస్ పొదలను వేళ్లతో సహా పీకించింది. కాపాడాలనుకున్నదేమో వైట్ పైన్ చెట్లను. రైబీస్ అంటే బ్లాక్ కరెంట్, గూస్‌బెర్రీ కాసే పొదలు. గూస్‌బెర్రీ అన్న పేరు కలిసినా, మన ఉసిరికీ వాటికీ చుట్టరికం లేదు.

రోగం చెట్టుదైతే శిక్ష పొదకెందుకు?

బ్లిస్టర్ రస్ట్ అనే ఈ బెరడు తెగులును తెచ్చే శిలీంధ్రం పేరు క్రోనార్షియం రైబికోలా. మన వేరుశనగ ఆకుల్ని పట్టే తుప్పు తెగులుకు ఇది దూరపు దాయాదే. కానీ వేరుశనగ తుప్పు మొక్క నుంచి మొక్కకు నేరుగా అంటుకుంటుంది. దీనికి ఆ వీలు లేదు. ఒక పైన్ మీద పుట్టిన బీజాలు పక్కనే ఉన్న పైన్‌ను ఏమీ చెయ్యలేవు. మధ్యలో రైబీస్ లాంటి మొక్క ఆకు మీద మకాం వెయ్యాల్సిందే. ఆ మకాం లేకుండా చేస్తే చాలు గదా అనుకున్నారు.

మరి చెట్టులోకి ఎలా దిగుతుంది?

వేసవి చివర్లో రైబీస్ ఆకు అడుగున గోధుమరంగు నూగు లేస్తుంది. చల్లగా, తడిగా ఉన్నప్పుడు ఆ నూగు నుంచి వచ్చే బీజాలు మహా సుకుమారం. ఎండ తగిలినా, గాలి పొడిబారినా చచ్చిపోతాయి. మామూలుగా కొన్ని వందల మీటర్లు దాటి పోవు. తడిసిన సూదాకు మీద పడ్డ బీజం మాత్రం మొలకెత్తి, పత్రరంధ్రంలోంచి దూరి, ఆకు వెంట రెమ్మకు, అక్కణ్నుంచి కొమ్మ బెరడులోకి పాకుతుంది. తర్వాత కొన్నేళ్లపాటు పెద్దగా గుర్తులేమీ కనిపించవు. ఒక వసంతంలో ఉబ్బిన బెరడు చీలి, తెల్లటి పలుచని పొర కప్పుకున్న బొబ్బలు బయటికొస్తాయి. పొర చిరిగితే లోపలంతా నారింజరంగు పొడి. ఎలుకలు, ఉడతలు ఆ బెరడును ఇష్టంగా కొరుక్కు తింటాయి. పుండు కాండం చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిశాయంటే, దానికి పైనున్నదంతా ఎండిపోతుంది. లేత మొక్క తొందరగా పోతుంది, పెద్ద చెట్టు ఏళ్ల తరబడి చస్తుంది.

అమెరికాకు ఎలా చేరింది?

ఆసియా పైన్లు దీనితో ఏనాటి నుంచో కలిసి బతుకుతున్నాయి, చాలావరకు తట్టుకుంటాయి. 1900 ప్రాంతంలో అమెరికా వాళ్లు చౌకగా వస్తోందని తమ వైట్ పైన్ నారునే, అప్పటికే జబ్బు పాకిన యూరప్ నర్సరీల నుంచి తెప్పించుకున్నారు. సొంత చెట్టు పిల్లలే జబ్బును మోసుకొచ్చాయి! పడమటి తీరంలో 1910లో ఫ్రాన్స్ నుంచి కెనడాలోని వాంకూవర్‌కు వచ్చిన నారుతో దిగింది. 1921 దాకా బయటపడలేదు.

పొదలు పీకితే తగ్గిందా?

తూర్పున కొంత. పడమటి కొండల్లో లేదు. తెగిన వేరుముక్క మళ్లీ చిగురిస్తుంది, నేలలో పడ్డ రైబీస్ విత్తనం దశాబ్దాలు బతుకుతుంది. పైగా బొబ్బల్లోని నారింజ పొడి ఆ సుకుమారపు బీజాల్లాంటిది కాదు, వందల కిలోమీటర్లు గాలిలో పోయి ఎక్కడి రైబీస్‌నైనా పట్టుకుంటుంది. ఆ లెక్క చూసుకోకుండా అంత చాకిరీ చేయించడం నాకు ఇప్పటికీ వింతే.

1960ల చివరికి పీకుడు చాలావరకు ఆగిపోయింది. ఇప్పుడు పని చెట్టు వైపు నుంచి సాగుతోంది. జబ్బు అడవిలో కూడా పచ్చగా నిలిచిన చెట్ల విత్తనాలు ఏరి, ఒరెగాన్‌లోని డొరీనా కేంద్రం లాంటి చోట్ల నారు పోసి, కావాలని రైబీస్ ఆకుల మీది బీజాలు సోకించి చూస్తారు. షుగర్ పైన్‌లో దొరికిన ఒక జన్యువు, శిలీంధ్రం దూరినచోట ఆకు కణాలను తానే చంపి దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. దాన్నీ దాటిపోయే రకాలు శిలీంధ్రంలో అప్పుడే పుట్టుకొచ్చాయి. అందుకే ఒక్క జన్యువును నమ్ముకోకుండా, పుండు పడినా నిదానంగా పెరగనిచ్చే చెట్లను కూడా ఏరుతున్నారు.