వార్సాలో ఒంటరిగా ఒక పగలు

దేశాటనం వివేకానికి మూలమని పెద్దల మాట. పదిమందితో కలిసి వెళ్ళినవానికి వినోదం మెండు. ఒంటరిగా తిరిగినవానికి ఆలోచన మెండు. ఐరోపా రాజధానులలో అటువంటి ఒంటరి యాత్రకు తగినది పోలెండు రాజధాని వార్సా. పారిస్, రోము నగరాలవలె అది తొలిచూపులోనే మనస్సును హరించదు. దాని కథ తెలిసినకొద్దీ యాత్రికుని అడుగు నెమ్మదిస్తుంది.

ఉదయం అతడు రాజప్రాసాదం ముందరి చౌకులో నిలుస్తాడు. ఎదుట మూడవ సిగిస్మండు రాజు స్తంభం. తండ్రి స్మృతికై కుమారుడు 1644లో నిలిపినది. 1944 సెప్టెంబరులో జర్మనుల దాడికి అది కూలింది. 1949లో మళ్ళీ లేచింది. విరిగిన పాత రాతికంబాలు ప్రాసాదం పక్కన నేటికీ పడి ఉన్నాయి. వాటిని చూడనివాడు నిలిచిన స్తంభాన్ని సగమే చూసినట్లు.

అక్కడికి దగ్గరలోనే పాతపట్టణపు సంతచౌకు. రంగురంగుల మేడలు, రాళ్ళు పరచిన నేల, నడుమ కత్తి ఎత్తిన జలకన్య విగ్రహం. ఆ మేడలు శతాబ్దాలనాటివని తోస్తుంది. నిజానికి వాటిలో అధికభాగం రెండవ ప్రపంచయుద్ధానంతరం కట్టినవి. 1944 ఆగస్టు 1న వార్సా ప్రజలు జర్మను ఆక్రమణపై తిరగబడి 63 దినాలు పోరాడారు. వారు ఓడిన పిదప శత్రువు జనాన్ని వెళ్ళగొట్టి, ఇళ్ళను వరుసగా తగులబెట్టాడు, పేల్చివేశాడు. పాతపట్టణంలో నూటికి 85 పాళ్ళకు పైగా నాశనమైంది.

మరి ఈ మేడలు ఎట్లా లేచాయి? 18వ శతాబ్దంలో ఇటలీ చిత్రకారుడు బెర్నార్డో బెల్లొట్టో ఈ నగర వీధులను చిత్రాలుగా లిఖించాడు. అవి నేడు రాజప్రాసాదంలో ఉన్నాయి. అంతకంటె ముఖ్యమైన ఆధారం మరొకటి. వార్సా పోలిటెక్నిక్‌లో వాస్తుశాస్త్రం చదివే విద్యార్థులు తమ ఆచార్యులతో కలిసి యుద్ధానికి పూర్వమే పాత కట్టడాలకు కొలతలు తీసి పటాలు గీశారు. ఆక్రమణకాలంలో వాటిని శత్రువు కంటబడకుండా దాచారు. నాడు తరగతి పాఠంగా గీసిన గీతలే తరువాత నగరానికి ప్రాణం పోశాయి. ఇది అసలు కాదు, నకలు అనేవారు లేకపోలేదు. అయినను యునెస్కో 1980లో ఈ పాతపట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ పునర్నిర్మాణ దీక్షనే అందుకు కారణంగా చూపింది.

ఉత్తరాన ఫ్రెటా వీధిలో 1867లో మేరీ క్యూరీ జన్మించిన ఇల్లు ఉన్నది. అప్పుడు వార్సా రష్యా చక్రవర్తి పాలనలో ఉండేది. స్త్రీలకు విశ్వవిద్యాలయంలో ప్రవేశం లేదు. ఇల్లు మార్చి ఇల్లు రహస్యంగా నడిచిన సంచార విశ్వవిద్యాలయంలో ఆమె చదివింది. 1898లో తాను, భర్త కనుగొన్న మూలకానికి, పటంలో లేని తన దేశం పేరిట పొలోనియమని పేరు పెట్టింది.

మధ్యాహ్నం ఆకలి వేస్తే చవకగా తినడానికి పాలబారులనే భోజనశాలలున్నాయి. మన కజ్జికాయ ఆకారంలో, ఉర్లగడ్డ, జున్ను కూరి ఉడికించిన పిరోగీ అక్కడ దొరుకుతుంది. పిమ్మట దక్షిణాన పవిత్ర శిలువ దేవాలయం. సంగీతకారుడు షోపెన్ ఇరవయ్యవ ఏట ఊరు విడిచి మళ్ళీ రాలేదు. 1849లో పారిస్‌లో మరణించాడు. అతని దేహం అక్కడనే ఉన్నది. హృదయాన్ని మాత్రం సోదరి స్వదేశానికి తెచ్చింది. అది ఈ గుడి స్తంభంలో ఉన్నది.

సాయంకాలానికి యాత్రికుడు నగరమధ్యంలోని ఉద్యానానికి చేరుతాడు. అక్కడ పిల్లలతో నిలిచిన యానుష్ కోర్చాక్ విగ్రహం ఉన్నది. ఆయన వైద్యుడు, రచయిత, అన్నిటికంటె మిన్నగా ఉపాధ్యాయుడు. యూదులను గోడల నడుమ బంధించిన కాలంలో అనాథ బాలల ఆశ్రమాన్ని నడిపాడు. 1942 జులై 18న ఆ పిల్లలచేత రవీంద్రనాథ ఠాకూరు ‘డాక్ ఘర్’ నాటకం ఆడించాడు. రవీంద్రుడు కన్నుమూసి అప్పటికింకా ఏడాది నిండలేదు. గది దాటరాని రోగి అయిన బాలుడు అమల్ కిటికీ దగ్గర కూర్చుండి రాజుగారి ఉత్తరానికై ఎదురుచూడటమే ఆ కథ. మృత్యువును ప్రశాంతంగా ఎదుర్కొనడం పిల్లలు నేర్వాలని ఆయన ఆ నాటకాన్ని ఎన్నుకొన్నాడంటారు. ఆగస్టు మొదటివారంలో సుమారు 200 మంది పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరానికి తరలించారు. తాను తప్పించుకొనే అవకాశం ఉండికూడా కోర్చాక్ వారి వెంటనే నడిచాడు.

శాంతినికేతనపు కవి మాట అంత దూరాన, అటువంటి గడియలో, ఒక గురువుకు అక్కరకు వచ్చింది. ఆ సంగతి తలచుకొన్న భారతీయ యాత్రికునికి వార్సా పరాయి ఊరు కాదు. ప్రొద్దు వాలుతుంది. అతడు మరికొంతసేపు ఆ విగ్రహం ఎదుట కూర్చుండి, పిమ్మట లేచి బసకు మరలుతాడు.