జాబితా నుండి నివేదిక వరకు: సరైన కనెక్టర్ ఎంపిక

ఒకప్పుడు రిజిస్టర్లలో వ్రాసుకున్న వివరాలను నేడు అనేక కార్యాలయాలలో షేర్‌పాయింట్ జాబితాలలో నమోదు చేస్తున్నారు. ఆ జాబితాలను పవర్ బీఐ నివేదికలకు చేర్చే వంతెన డేటా కనెక్టర్. ఆ వంతెనను సరిగా ఎంచుకొనకపోతే జాబితాలో ఉన్నది ఒకటి, నివేదికలో కనిపించేది మరొకటి కావచ్చును. ఈ సంగతిని మేము అనుభవం మీద గ్రహించాము.

వార్షిక నివేదికను సిద్ధం చేస్తుండగా, ఏప్రిల్ 1వ తేదీ పద్దులు కొన్ని మార్చి 31వ తేదీన కనిపించాయి. ఒక్కరోజు తేడాయే కదా అని ఉపేక్షించడానికి వీలులేదు. ఆ ఒక్కరోజుతో ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. మొదట నమోదు చేసిన ఉద్యోగినే శంకించాము. జాబితాను తెరచి చూడగా ఆయన వేసిన తేదీ సరిగానే ఉన్నది. లోపం మేము వివరాలను తెచ్చుకున్న విధానంలో ఉన్నది.

ముందుగా ఎంపికలను పరిశీలిద్దాము. జాబితా సంస్థ సొంత సర్వర్‌లో ఉంటే 'షేర్‌పాయింట్ లిస్ట్' కనెక్టర్‌ను, ఇంటర్నెట్‌పై నడిచే షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో ఉంటే 'షేర్‌పాయింట్ ఆన్‌లైన్ లిస్ట్' కనెక్టర్‌ను ఎంచుకోవాలి. మొదటిదానికి పవర్ బీఐ సర్వీసులో నివేదిక తాజా కావాలంటే గేట్‌వే అవసరం, రెండవదానికి అక్కరలేదు. రెండింటిలోనూ ఇవ్వవలసినది సైటు చిరునామా మాత్రమే. జాబితా పేజీ చిరునామాను యథాతథంగా అతికించడం తరచుగా జరిగే పొరపాటు.

ఆన్‌లైన్ కనెక్టర్‌లో 1.0, 2.0 అని రెండు విధానాలున్నాయి. 1.0 సాంకేతికమైన కాలమ్‌లను కూడా పెద్ద సంఖ్యలో తెస్తుంది. వాటిలో అవసరమైనవాటిని ఏరుకొని విస్తరించుకోవాలి. 2.0లో 'ఆల్', 'డిఫాల్ట్' అని మరల రెండు పద్ధతులు. 'ఆల్' అన్ని కాలమ్‌లనూ తెస్తుంది. 'డిఫాల్ట్' జాబితా ప్రధాన వీక్షణంలో ఉన్న కాలమ్‌లనే తెస్తుంది. చూడడానికి ఇది పొందికగా ఉంటుంది గాని, ఎవరైనా ఆ వీక్షణం నుండి ఒక కాలమ్‌ను తొలగిస్తే, దానిపై ఆధారపడిన నివేదిక ఆగిపోవచ్చును. అందుచేత పలువురు వాడే జాబితాలకు 'ఆల్' పద్ధతిని ఎంచుకొని, అక్కరలేని కాలమ్‌లను పవర్ క్వెరీలో తొలగించుకోవడం క్షేమం. జాబితాను ఎక్సెల్‌లోకి దించి ఆ నకలును వాడడం సులభమే; కాని దించిన క్షణం నుండే ఆ నకలు పాతబడుతుంది.

ఇక తేదీల విషయం. షేర్‌పాయింట్ తేదీని అంతర్జాతీయ ప్రామాణిక కాలమైన యూటీసీలో భద్రపరచి, మనకు చూపేటప్పుడు స్థానిక కాలానికి మార్చి చూపుతుంది. కనెక్టర్ మాత్రం యూటీసీ కాలాన్నే తెచ్చి ఇవ్వవచ్చును. మన కాలం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందున్నది. కనుక ఏప్రిల్ 1 అర్ధరాత్రి 12 గంటలు అక్కడ మార్చి 31 సాయంత్రం 6.30 అవుతుంది. అందులో సమయాన్ని తీసివేసి తేదీని మాత్రమే ఉంచుకుంటే మిగిలేది మార్చి 31! మేము చేసినది అదే.

దీనికి నివారణ, తేదీని వేరుచేయడానికి ముందే 5 గంటల 30 నిమిషాలను స్పష్టంగా కలపడం. 'స్థానిక కాలానికి మార్చు' అనే ఆజ్ఞను నమ్ముకోరాదు. మన కంప్యూటర్‌లో అది సరిగా పనిచేసినా, పవర్ బీఐ సర్వీసు గడియారం యూటీసీలో నడుస్తుంది కనుక అక్కడ పాత తప్పే తిరిగి వస్తుంది.

ఏ కనెక్టర్‌ను ఎంచుకున్నా, నివేదికను పైకి పంపేముందు జాబితాలోని మొత్తం పద్దుల సంఖ్యను సరిచూడాలి. తేదీ నిశ్చయంగా తెలిసిన ఒక పద్దును, వీలైతే ఏప్రిల్ 1వ తేదీదాన్ని, రెండుచోట్లా పోల్చిచూడాలి. ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలే. ఆనాడు మేము ఆ పని చేసి ఉంటే, తన విధిని సక్రమంగా నిర్వర్తించిన ఒక సహోద్యోగిని సంజాయిషీ అడిగే అవసరమే వచ్చేది కాదు.