ఏం అర్థమైందో చెప్పు అనకండి

ముప్ఫయ్యొక్క ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో టీచరుగా పనిచేశాను. పిల్లవాడు పుస్తకం మూయగానే నా నోట వచ్చే మొదటి మాట ఎప్పుడూ ఒక్కటే: "ఏదీ, ఏం అర్థమైందో చెప్పు." తరగతిలో ఆ మాట అవసరమే. దాన్ని ఇంటికి కూడా తెచ్చుకోవడమే నేను చేసిన పొరపాటు. వేసవి సెలవులకి వచ్చిన మనవడి చేతిలో కథల పుస్తకం పెట్టేదాన్ని. రెండు పేజీలు కాగానే అదే మాట. వాడు బొమ్మలు చూసి ఏదో అల్లి చెప్పేవాడు. మర్నాడు నా చేతిలో పుస్తకం కనబడితే చాలు, దొడ్లోకి జారుకునేవాడు.

మా అమ్మాయి వాళ్లది తాడేపల్లిగూడెం. అల్లుడుగారు ఉల్లిపాయల మార్కెట్‌లో ఒక కొట్టులో లెక్కలు రాస్తారు. ఏటా బడులు మూసిన వారంలోనే పిల్లలిద్దర్నీ ఏలూరు తెచ్చి నా దగ్గర దింపి వెళుతుంది. 2025లో ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు. అంటే నలభై తొమ్మిది రోజులు. మనవడికి తొమ్మిదేళ్లు, మనవరాలికి ఆరు. ఇద్దరూ ఇంగ్లీషు మీడియమే. తెలుగు గలగలా మాట్లాడతారు. అదే తెలుగు అచ్చులో కనబడితే మాత్రం అడుగు పడదు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే 2024లో తేల్చిన మాట ఇది: దేశం మొత్తం మీద ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవాళ్లు సగానికి కాస్త తక్కువే.

ఎక్కడ ఆగిపోతున్నారో దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. 'రాష్ట్రం' అన్న మాట దగ్గర పిల్లవాడి వేలు ఆగుతుంది. షకారం, దాని కింద ట వత్తు, దానికి మళ్లీ రకారం. ఆ ముడి విప్పుకునేసరికి వాక్యం మొదట్లో ఏం చదివాడో జారిపోతుంది. పైగా మన తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ఎవరు, ఎక్కడ, ఎవరితో, ఎందుకు అన్నవన్నీ మనసులో పట్టుకుని చివరిదాకా నడిస్తేగాని ఏం జరిగిందో తెలియదు. ఒక్కో అక్షరం దగ్గరా ఆగేవాడు అంతదూరం మోయలేడు. వాడికి బుర్ర లేక కాదు, చేతులు ఖాళీ లేక. అలాంటివాణ్ణి పట్టుకుని "ఏం అర్థమైంది" అని అడిగితే వాడికి అర్థమయ్యేది ఒక్కటే, పుస్తకం అంటే దొరికిపోవడం అని.

నిజానికి ఈ సంగతి నాకు చాలాకాలం కిందటే కొల్లేటి లంకలో ఒక పిల్లవాడు నేర్పాడు. 1998లో అక్కడి బడికి బదిలీ అయ్యాను. అప్పటికి సరస్సు నిండా చేపల చెరువులే. ఐదో తరగతిలో ఒక కుర్రాడికి వాచకం తెరిస్తే చెమటలు పట్టేవి. పంతం పట్టి రోజూ నిలబెట్టి చదివించేదాన్ని. ఒకరోజు సాయంత్రం గట్టు మీద పడవ కోసం నిలబడ్డాను. పక్కనే చేపల కాటా జరుగుతోంది. వాళ్ల నాన్న కాటా చీటీ అందుకుని, చూడకుండానే కొడుకు చేతికిచ్చాడు. వాడు చదువుతున్నాడు. శీలావతి ఇంత, బొచ్చె ఇంత, ఐసు, కూలి, తరుగు. గొలుసుకట్టు రాత, సగం పొట్టి అక్షరాలు, నాకే పోల్చుకోవడం కష్టం. వాడు ఎక్కడా ఆగలేదు. పైనుంచి కిందకి వచ్చి, "నాన్నా, తరుగు రెండుసార్లు ఏశారు" అన్నాడు. నిజమే, రెండుసార్లు వేశారు.

"మావోడికి సదువు రాదండి టీచరు గారూ, చీటీ మాత్రం తప్పడండి" అన్నాడు ఆ తండ్రి.

చదువు రాకపోవడమేమిటి! వాడు చదువుతున్నది నా కళ్లారా చూశాను. ఆ చీటీ వాడికి కావాలి. దాన్ని ఎలా చదివాడో ఎవరూ మార్కులు వేయడం లేదు. అంతే తేడా.

మర్నాటి నుంచి వాణ్ణి నిలబెట్టడం మానేశాను. మా ఇంట్లో పాత చందమామలు ఒక కట్ట ఉండేది. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన ఆ పత్రిక ఆంధ్రదేశంలో ఎన్ని ఇళ్లల్లో పిల్లలకి చదువు రుచి చూపించిందో పెద్దవాళ్లకి చెప్పనక్కర్లేదు. ఆ కట్ట తెచ్చి వరండాలో పడేసి, మధ్యాహ్నం భోజనాల తరవాత నేనూ ఒకటి తీసుకుని కూర్చునేదాన్ని. ఎవర్నీ పిలవలేదు. పది రోజులకేమో ఆ కుర్రాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "టీచర్ గారూ, ఈ విక్రమార్కుడు మళ్లీ మళ్లీ చెట్టు దగ్గరికే ఎందుకెళ్తాడండి?" అన్నాడు. నేనడగాల్సిన ప్రశ్నలన్నీ పక్కకి పోయి, వాడి ప్రశ్న ముందుకొచ్చింది. ఆ రోజు పడవలో ఇంటికొస్తూ ఎంత సంతోషించానో!

మరి అంత తెలిసి మనవడి దగ్గర ఎలా మర్చిపోయాను? మన పిల్లలనేసరికి ఆత్రం. పక్కింటి పిల్లలు ముందుకెళ్లిపోతున్నారన్న భయం. సెలవుల్లో ఒక్కరోజు కూడా వృథా పోకూడదన్న ఆరాటం. ఈ వ్యాసం చదివే అమ్మానాన్నలకీ అవే ఉంటాయని తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

పుస్తకాల్ని పిల్లల ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ అనే ఇద్దరు ఆచార్యులు ఒక పని చేశారు. పేదపిల్లలు ఎక్కువగా చదివే బడుల్లో, వేసవి సెలవులకి ముందు పిల్లలకి పన్నెండేసి పుస్తకాలు ఇచ్చి ఇంటికి పంపారు. వరసగా మూడు వేసవులు అలాగే. ఆ పుస్తకాల్ని ఎంచింది టీచర్లు కాదు, పిల్లలే. పుస్తకాల సంతలా పరిచి, ఏది కావాలో ఏరుకోమన్నారు. మూడేళ్ల తరవాత చూస్తే, పుస్తకాలు అందని పిల్లల కన్నా వీళ్లు చదవడంలో మెరుగ్గా ఉన్నారు. అందరికన్నా నిరుపేద ఇళ్ల పిల్లలకే ఎక్కువ మేలు జరిగింది. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి.

ఏరుకోవడం అంటే మనకి జిల్లా గ్రంథాలయం ఉండనే ఉంది. ఇంటిపన్నుతోపాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం మనం. ఆ అలమరాల్లో ఉన్నవి మన డబ్బుతో కొన్న పుస్తకాలు. శుక్రవారం సెలవు గనక శనివారం పొద్దున్నే పిల్లలిద్దర్నీ ఏలూరు గ్రంథాలయానికి తీసుకెళ్లాను. వేసవిలో అక్కడ పిల్లల కోసం విజ్ఞాన శిబిరాలు కూడా పెడతారు. కథలు చెప్పిస్తారు, బొమ్మలు వేయిస్తారు. మా చిన్నది పెద్ద బొమ్మలున్న పల్చటి పుస్తకం పట్టుకుంది. మనవడు పాముల పుస్తకం తీశాడు. నీతికథలు తీస్తే బాగుండునని నాకు లోపల ఉంది. నోరు మెదపలేదు. ఒక్క కొలత మాత్రం నేర్పాను: ఏదో ఒక పేజీ తెరిచి చదువు, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడుచు, అయిదూ ముడుచుకుంటే ఆ పుస్తకం వచ్చే ఏడు చూద్దాం. పాముల పుస్తకంలో మూడు వేళ్లే ముడిచాడు.

సాయంత్రాలు మాత్రం నావి. ఎండ తగ్గాక డాబా మీద నీళ్లు చల్లి, చాప వేసి, పిల్లలిద్దర్నీ చెరోపక్కన కూర్చోబెట్టుకుని నేనే చదివేదాన్ని. నండూరి రామమోహనరావుగారు తెలుగు చేసిన హకల్‌బెరీ ఫిన్ తీసుకున్నాను. పెద్ద నది, తెప్ప, ఇల్లొదిలి పారిపోయిన కుర్రాడు. చదువుతున్నంతసేపూ నా వేలు అక్షరాల కింద నడిచేది. చెవికి తెలిసిన భాషే కాబట్టి కథ ఆగదు. కన్ను మెల్లగా వేలి వెంట నడుస్తుంది. ఏ వత్తు ఎలా పలుకుతుందో వాడికి నేను చెప్పలేదు, విన్నాడు, చూశాడు. రోజూ ఇరవై నిమిషాలు. ఒక్క ప్రశ్న లేదు.

ఒక చిన్న ఉపాయం చెబుతాను. అధ్యాయం చివర ఆపకండి, నడిమధ్యలో ఆపండి. పొగమంచులో హక్ ఒక పక్కకి, తెప్ప మీదున్న అతని తోడు జిమ్ ఇంకో పక్కకి కొట్టుకుపోయే చోట నేను పుస్తకం మూసి, "పదండి, అన్నాలు తిందురుగాని" అన్నాను. "అమ్మమ్మా, ఇంకొంచెం" అని కొంగు పట్టుకున్నాడు. రేపు అన్నాను. పుస్తకం మాత్రం లోపల దాచకుండా చాప మీదే వదిలేశాను.

మర్నాడు పొద్దున ఆవకాయకి మామిడి ముక్కలు తుడుస్తూ కూర్చున్నాను. కిటికీ పక్కన వాడు, ఒళ్లో ఆ పుస్తకం. పెదాలు కదులుతున్నాయి, వేలు లైను కింద పాకుతోంది. ఒక మాట దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది, ఈసారి దాటింది. నా నాలుక చివరిదాకా వచ్చింది పాత మాట. ముక్క తుడిచి పళ్లెంలో వేసి, ఇంకో ముక్క తీసుకున్నాను. సగం బుట్ట అయ్యాక వాడే తలెత్తి, "ఆ తెప్ప మన కొల్లేటి దోనె కంటే పెద్దదా?" అన్నాడు. ఆ ఆదివారమే కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికి బయలుదేరదీశాను. దారిలో ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూపించాను. అక్కడి బోర్డు మొత్తం చెల్లెలికి వాడే చదివి వినిపించాడు, ఎవరూ అడగకుండానే.

ఫోన్ గురించి అందరూ అడుగుతారు. లాక్కోలేదు. డాబా మీదికి మాత్రం ఎవరూ తీసుకురాకూడదు, నాతో సహా. పిల్లవాడు చదువుతుంటే పక్కన పెద్దవాళ్లు ఫోన్ తిప్పుతూ కూర్చోవడం కన్నా అన్యాయం లేదు. ఇక తాడేపల్లిగూడెం పంపించాక ఏం చదవాలంటే, వాళ్ల నాన్న కొట్టు ముందే బోలెడు అచ్చు. బస్తాల మీద ఊళ్ల పేర్లు, లారీల వెనక రాతలు, పెళ్లి శుభలేఖలు. అవన్నీ చదువే.

పిల్లలింకా నా దగ్గర ఉండగానే ఒక రాత్రి పడుకునే ముందు వాళ్లకి ఒక నిజం కథ చెప్పాను. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు సర్ది కాలవ మీద గ్రంథాలయం నడిపారు. కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య గట్టు ఊళ్లవాళ్లకీ పడవ ప్రయాణికులకీ పుస్తకాలు ఇచ్చేవారు. మన ఏలూరులోనూ కృష్ణా కాలవ, గోదావరి కాలవ కలుస్తాయి, ఒకప్పుడు పడవలు తిరిగిన కాలవలే. పుస్తకం తీసుకున్న రైతుని "ఏం అర్థమైంది" అని ఎవరు అడిగి ఉంటారు! మళ్లీ పడవ వచ్చేసరికి చదివినది తిరిగిచ్చి, ఇంకోటి అడిగి ఉంటాడు. మా చిన్నది పడవలో పుస్తకాలు తడవవా అని అడిగింది. అన్న చాలాసేపు ఆలోచించి, పైన కప్పు వేసి ఉంటారులే అన్నాడు.

జూన్‌లో వెళ్లిపోయేనాటికి హకల్‌బెరీ ఫిన్ ఇంకా యాభై పేజీలు మిగిలింది. పుస్తకం వాడి సంచిలోనే పెట్టాను. ఇప్పుడు రోజూ రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి నాకు చదివి వినిపిస్తున్నాడు. నెమ్మదిగా, అక్కడక్కడా తడబడుతూ. నిన్న మంచి పట్టులో ఉండగా టక్కున ఆపేశాడు.

"ఏరా, తరవాత?" అన్నాను.

"రేపు అమ్మమ్మా" అని పెట్టేశాడు.