పాత కార్ల ఇంజను శీతలీకరణ వ్యవస్థ

పాత కార్ల ఇంజను శీతలీకరణ వ్యవస్థ అనగా ఇంజనులో పుట్టే అధిక వేడిని నీటి ద్వారా గ్రహించి గాలిలోకి వదిలే ఏర్పాటు. భారతదేశంలో 2021లో సవరించిన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటి, అసలు రూపం కోల్పోని వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేస్తారు. తొలినాటి అంబాసిడర్, ఫియట్ కార్లు ఈ కోవలోకి వస్తాయి. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాలలో ఈ వ్యవస్థకు వేసవి ఎండ ఒక పరీక్ష అయితే, సున్నం కలిసిన నీరు మరొక పరీక్ష.

పనిచేసే విధానం

సిలిండర్ల చుట్టూ ఉండే ఖాళీలను వాటర్ జాకెట్టు అంటారు. వాటర్ పంపు నెట్టిన నీరు ఇందులో ప్రవహించి, వేడెక్కి, పై గొట్టం గుండా రేడియేటరుకు చేరుతుంది. అక్కడ సన్నని గొట్టాలలో దిగుతూ చల్లబడి, కింది గొట్టం ద్వారా మళ్ళీ ఇంజనుకు వస్తుంది. ఇంజను తగినంత వేడెక్కే వరకు నీటిని రేడియేటరుకు పోనీయకుండా ఆపేది థర్మోస్టాటు. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్ టి కార్లలో దాదాపు అన్నింటికీ పంపు లేదు. వేడి నీరు తేలికై పైకి లేవడం, చల్లని నీరు కిందికి దిగడం వలననే ప్రవాహం సాగేది.

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతం

ఈ రెండు పట్టణాలు హైదరాబాదు - విజయవాడ జాతీయ రహదారిపై ఉన్నాయి. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. జగ్గయ్యపేట పరిసరాలలో సున్నపురాయి నిక్షేపాలు విస్తారంగా ఉన్నాయి. ఇక్కడి సిమెంటు కర్మాగారాలకు ఆధారం ఆ రాయే. అటువంటి నేలలో ఊరిన నీటిలో కాల్షియం బైకార్బొనేటు కరిగి ఉంటుంది. నీరు వేడెక్కినపుడు అది కాల్షియం కార్బొనేటుగా మారి, నీళ్ళు కాచే గిన్నె అడుగున కనిపించే తెల్లని పొరలా గట్టిపడుతుంది. ఈ పొర లోహం కంటే చాలా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. రేడియేటరులోని సన్నని గొట్టాలను కూడా మూసివేస్తుంది.

ఒకసారి నింపిన నీటిలోని సున్నం కొద్దిపాటిదే. అది పేరుకున్న తరువాత అదే నీరు తిరుగుతున్నంత కాలం కొత్త పొర ఏర్పడదు. కారుతున్న రేడియేటరులో రోజూ బోరు నీరు పోస్తుంటే మాత్రం ప్రతిసారీ కొత్త సున్నం చేరుతుంది. కాబట్టి నీరు తగ్గినపుడు పోసి ఊరుకోక, అది ఎక్కడ పోతున్నదో కనుగొనడం ముఖ్యం.

నీటి ఎంపిక

బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ శ్రేష్ఠం. శుభ్రంగా పట్టిన వాననీరు కూడా మంచిదే. ఇవి దొరకనపుడు కాచి, చల్లార్చి, తేట తీసిన నీటిలో సున్నం కొంత తగ్గుతుంది. ఇక్కడ నీరు గడ్డకట్టే చలి లేకపోయినా, తుప్పును నివారించే రసాయనాల కోసం కూలెంటు కలపాలి. పాత రేడియేటర్లు రాగి, ఇత్తడితో చేసి సీసం కలిసిన టంకంతో అతికినవి. కాబట్టి వాటికి తగినదని డబ్బాపై సూచించిన కూలెంటునే వాడాలి. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంటు తియ్యగా ఉండే విషం. తీసివేసిన ద్రవాన్ని పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

తనిఖీ, నిర్వహణ

వేసవికి ముందే ఈ క్రింది వాటిని పరిశీలించాలి:

* ఫ్యాను బెల్టు: బెల్టు వదులైతే ఫ్యాను, పంపు రెండూ మందగిస్తాయి.
* రబ్బరు గొట్టాలు: ఉబ్బినా, మెత్తబడినా, పగుళ్ళు కనిపించినా మార్చాలి.
* రేడియేటరు: ఇంజను ఆపి, ఫ్యాను నిలిచిన తరువాత వేడిని పరిశీలిస్తే, అక్కడక్కడ చల్లగా ఉన్న భాగాలు మూసుకుపోయిన గొట్టాలను సూచిస్తాయి. ముందువైపు చేరిన దుమ్ము, పురుగులను వెనుక నుండి నీటితో కడగాలి.
* థర్మోస్టాటు: నీళ్ళ గిన్నెలో వేడిచేసి, దానిపై ముద్రించిన ఉష్ణోగ్రత వద్ద తెరుచుకుంటున్నదో లేదో చూడాలి. దానిని శాశ్వతంగా తీసివేస్తే ఇంజను సరైన వేడికి ఆలస్యంగా చేరి, ఇంధన వినియోగం, అరుగుదల పెరుగుతాయి.
* మూత: తయారీదారు సూచించిన ఒత్తిడికి మించిన మూత బిగిస్తే పాత అతుకులు విడిపోవచ్చు.

గొట్టాలు బాగా పూడుకుంటే రేడియేటరు ట్యాంకును విప్పించి శుభ్రం చేయించాలి. ఇటువంటి పనులకు విజయవాడలోని జవహర్ ఆటోనగర్ ప్రసిద్ధి.

దారిలో ఇంజను వేడెక్కినపుడు

చిల్లకల్లు టోల్‌గేటు వంటి చోట్ల వాహనాల వరుసలో నిలిచినపుడు ఎదురుగాలి ఉండదు. బెల్టుతో నడిచే ఫ్యాను కూడా ఇంజనుతో పాటే నెమ్మదిస్తుంది. రోహిణి కార్తె ఎండలో ఇంజను వేడెక్కడానికి ఇది చాలు. ముల్లు ప్రమాద స్థాయికి చేరితే కారును నీడలో ఆపి, ఇంజను చల్లారనివ్వాలి. వేడిగా ఉండగా మూత తెరిస్తే మరిగే నీరు, ఆవిరి ఎగజిమ్మి ముఖం, చేతులు తీవ్రంగా కాలుతాయి. మసలుతున్న ఇంజనులో చన్నీరు పోస్తే ఇనుప దిమ్మె పగలవచ్చు. పాత నమూనాలకు దిమ్మె దొరకడం కష్టం కాబట్టి, అరగంట ఓపిక పట్టడమే మేలు.