తండ్రి యనంతరము ఇంటి హక్కు: వారసులు చేయవలసిన పనులు

ఇంటి యజమాని కాలము చేసిన పిదప పెద్దకుమారుడు పంచాయతీ కార్యాలయమునకు పోయి, పన్ను రిజిస్టరులో తన పేరు వ్రాయించుకొని, ఇల్లు తనదైనదని తలంచుట మన గ్రామములలో తఱచుగా జరుగుచున్నది. కొన్నియేండ్లకు ఆ యిల్లు అమ్మబోయినప్పుడో, తాకట్టుపెట్టి ఋణము కోరినప్పుడో చిక్కు బయటపడును. అత్తవారింటనున్న చెల్లెలి సంతకమేదియని కొనువాడడుగును. ఋణమిచ్చువారును అదియే యడుగుదురు. అప్పటికి అన్నదమ్ముల నడుమ మాటలు నిలిచిపోయియుండవచ్చును. కావున నీ విషయమును సభ్యులకు విశదపఱచుట యుక్తమని తలంచితిమి.

పన్ను రిజిస్టరులోని పేరు పన్ను ఎవరు కట్టవలెనో తెలుపునే గాని హక్కును కలిగింపదు. సుప్రీముకోర్టు పలు తీర్పులలో ఈ సంగతిని స్పష్టపఱచినది. యజమాని మరణించినతోడనే హక్కు చట్టప్రకారము వారసులందఱకును సంక్రమించును. తరువాత మనము చేయు పనులన్నియు ఆ హక్కును కాగితములకెక్కించుటకు మాత్రమే.

వారసులెవరు?

హిందువు వీలునామా వ్రాయక మరణించినచో 1956వ సంవత్సరపు హిందూ వారసత్వచట్టము వర్తించును. స్వార్జితమైన యింటిలో భార్యకును, తల్లికిని, కుమారులకును, కుమార్తెలకును సమాన భాగములు. ముందే గతించిన కుమారుని వాటా అతని భార్యాబిడ్డలకు చెందును. గతించిన కుమార్తె వాటా ఆమె బిడ్డలకు చెందును. ముస్లిములకు వారి ధర్మశాస్త్రమును, క్రైస్తవులకు 1925వ సంవత్సరపు భారత వారసత్వచట్టమును వర్తించును.

పిత్రార్జితమైన యింటి లెక్క వేఱు. 2005 సెప్టెంబరు 9వ తేదీనుండి కుమార్తెకును కుమారునివలెనే జన్మతః హక్కు కలదు. ఆ తేదీనాటికి తండ్రి జీవించియుండ నక్కఱలేదని 2020లో సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. 2004 డిసెంబరు 20వ తేదీకి పూర్వమే రిజిస్టరు దస్తావేజుతో గాని కోర్టు డిక్రీతో గాని జరిగిన పంపకములు మాత్రము చెదరవు.

ఒక యుదాహరణమును చూతము. ఇటీవల మరణించిన రైతునకు భార్య, ఇద్దఱు కుమారులు, ఒక కుమార్తె గలరు, తల్లి లేదు. ఇంటిని పదునాఱణాలుగా లెక్కింతము. ఇల్లు స్వార్జితమైన నలుగురికిని తలకు నాలుగణాలు. పిత్రార్జితమైనచో మొదట తండ్రికిని, ముగ్గురు బిడ్డలకును నాలుగేసి యణాలు. మన ప్రాంతమున ఈ పంపకములో భార్యకు వేఱు భాగము లేదు. తండ్రి నాలుగణాలను మరల భార్యయు బిడ్డలును సమముగా పంచుకొందురు. కడకు బిడ్డలకు అయిదేసి యణాలు, తల్లికి ఒక యణా. కుమార్తెకు వివాహమైనంత మాత్రమున ఆమె యైదణాలు పోవు. పెండ్లికి చేసిన వ్యయము వాటాకు బదులు కాదు.

వీలునామా ఉన్నచో దాని ప్రకారమే జరుగవలెను. దానికి కనీసము ఇద్దఱు సాక్షులుండవలెను. రిజిస్ట్రేషను నిర్బంధము కాకున్నను, చేయించుట మేలు. పిత్రార్జితములో తన వాటాకు మించి ఎవరును వీలునామా వ్రాయజాలరు.

చేయవలసిన పనులు

మొదటిది మరణమును 21 దినములలో నమోదు చేయించుట. ఆలస్యమైన కొలది రుసుమును, అనుమతులును పెరుగును. ఏడాది దాటిన మేజిస్ట్రేటు ఉత్తరువు కావలెను.

రెండవది తహశీల్దారునుండి కుటుంబసభ్యుల ధ్రువపత్రము పొందుట. ఇందులో తల్లి పేరును, ఆడబిడ్డల పేర్లును తప్పక యుండవలెను. కోర్టు ఇచ్చు వారసత్వపు సర్టిఫికెట్టు బ్యాంకు సొమ్మునకును, రావలసిన బాకీలకును పనికివచ్చునే గాని ఇంటికి గాదు.

మూడవది పాత కాగితములను సమకూర్చుట: కొనుగోలు దస్తావేజు, పట్టా, పన్ను రసీదులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు. గ్రామకంఠములోని పాత యిండ్లకు దస్తావేజులు లేకపోవుట సాధారణము. అచ్చట పన్ను రసీదులే ముఖ్యాధారములు. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన స్వామిత్వ పథకముక్రింద డ్రోనులతో కొలచి కార్డులిచ్చిన గ్రామములలో, కార్డుపై ఎవరి పేరున్నదో చూచుకొనవలెను.

నాలుగవది వారసులందఱు నొక నిర్ణయమునకు వచ్చుట. ఇల్లు ఉమ్మడిగా నుంచుకొనదలచిన అందఱి పేర్లును పంచాయతీలో వ్రాయించుకొనవచ్చును. పంచుకొనదలచిన భాగపరిష్కార దస్తావేజును, ఒకరు తమ వాటాను మఱొకరికి వదలుకొనిన హక్కు విడుదల దస్తావేజును వ్రాసి రిజిస్టరు చేయించవలెను. పెద్దమనుష్యుల యెదుట తెల్లకాగితముపై పంచుకొని రిజిస్టరు చేయనిచో, ఆ కాగితము హక్కునకు సాక్ష్యముగా కోర్టులో చెల్లదు. హిందూ మైనరుకు వేఱుగా వచ్చిన వాటాను తల్లియైనను కోర్టు అనుమతి లేక అమ్మరాదు.

అయిదవది ఈ కాగితముల నకళ్లతో పంచాయతీ కార్యదర్శికి దరఖాస్తు చేసి పేరు మార్పించుకొనుట. మనవారు మొదట చేయు పని నిజమునకు కడపటిది.

బాకీల సంగతి

ఇల్లు తాకట్టులో నున్నచో యజమాని మరణముతో తాకట్టు తీఱదు. వారసులు తమకు సంక్రమించిన ఆస్తిమేరకు బాకీకి బాధ్యులు. అంతకు మించి తమ స్వార్జితమునుండి చెల్లింప నక్కఱలేదు. కావున మరణవార్తను సంఘమునకు వెంటనే వ్రాతమూలముగా తెలిపి బాకీ లెక్క తీసికొనుట మంచిది. సంఘములోని వాటాధనమునకు నామినీగా పేరున్నవానికి ఆ కారణమున ఇంటిపై ప్రత్యేక హక్కేమియు రాదు.

ఆడబిడ్డలు పలువురు పుట్టింటి వాటా నడుగరు. అడిగిన రాకపోకలు పోవునని వారి భయము. వారడుగకపోవుట వదలుకొనుట కాదు. వదలుకొనదలచిన వారు చదివి, తెలిసి, తమ యిష్టముతో దస్తావేజుపై సంతకము చేయవలెను; లేనిచో వారి వాటా వారికీయవలెను. తల్లి యున్నన్నాళ్లు ఆమె నివాసమునకు లోటు రాకుండ దస్తావేజులోనే వ్రాసికొనుట ధర్మము. సంవత్సరీకము లోపల అందఱును కూర్చుండి ఈ పని ముగించుకొన్నచో, ఖర్చు రిజిస్ట్రేషనుతో పోవును; ఉపేక్షించిన కోర్టుల పాలగును.