చలికి ముందు, ఎండకూ ముందే: ఉత్తర తెలంగాణ గాలి విశేషాలు

డిసెంబర్ వచ్చిందంటే పేపర్లలో అర్లి(టి) పేరు కనబడాల్సిందే. మహారాష్ట్ర సరిహద్దున, ఆదిలాబాద్ జిల్లా భీంపూర్ మండలంలో ఉన్న ఈ ఊళ్లో ఉష్ణోగ్రత ఐదు డిగ్రీల కిందికి దిగిన తెల్లవారుజాములున్నాయి. సిర్పూర్(యు), తిర్యాణి మండలం గిన్నెధరి దానితో పోటీ పడుతుంటాయి. మే నెల వచ్చేసరికి అవే పేపర్లలో రామగుండం, మంచిర్యాల, జగిత్యాల పేర్ల పక్కన 45 డిగ్రీల అంకె కనబడుతుంది. చలి రికార్డునూ ఎండ రికార్డునూ ఏళ్లతరబడి గుర్తుపెట్టుకుంటాం. ఆ రోజుల్లో పీల్చిన గాలి ఎట్లా ఉందో మాత్రం పట్టించుకోం. చలినీ, ఎండనూ, గాలి బాగోగులనూ విడదీసి చూడలేం.

సముద్రానికి 500 కిలోమీటర్లు

ఆదిలాబాద్ నుంచి బంగాళాఖాతం దాదాపు 500 కిలోమీటర్లు. విశాఖపట్నంలో పగలు సముద్రం మీది గాలి ఊళ్లోకి వస్తుంది, రాత్రి నేల మీది గాలి సముద్రం వైపు పోతుంది. ఆ రాకపోకలు ఊరి పొగను కొంతైనా కదిలిస్తాయి. అయినా కొండల నడుమ ఇరుక్కున్న ఊరు కాబట్టి చలికాలం బాధ అక్కడా ఉంది. మనకు ఆ కదలిక కూడా లేదు. కరీంనగర్ వాళ్లకు 24 టీఎంసీల మానేరు డ్యాం ఉంది, సాయంత్రం కట్ట మీద హాయిగానే ఉంటుంది. కానీ ఊరంతటి గాలినీ తిప్పే శక్తి ఆ నీటికి లేదు.

సముద్రం దూరం కావడంతో చలికాలం ఇక్కడి గాలిలో తేమ తక్కువ, రాత్రి ఆకాశం తేటగా ఉంటుంది. పగలంతా కాగిన నేల ఆ వేడిని తొందరగా వదిలేస్తుంది. నేలనంటిన గాలి చల్లబడి బరువెక్కి కిందే ఉండిపోతుంది. దాని మీద వెచ్చటి పొర కుండ మీది మూతలా కూర్చుంటుంది. చలి ఎంత గట్టిగా ఉంటే ఆ మూత అంత బిగుస్తుంది. చలిమంట, కట్టెల పొయ్యి, చెత్తకుప్పకు పెట్టిన నిప్పు, గ్రానైట్ లారీ లేపిన దుమ్ము అన్నీ మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతాయి. ఇటుక బట్టీలు రాజుకునేది, వరి కోతలయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెట్టేది, ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగులు నడిచేది కూడా ఈ నెలల్లోనే.

రాత్రి పైనుంచి పోయే పొగ

రామగుండంలో కథ వేరు. 1978లో మొరార్జీ దేశాయ్ శంకుస్థాపన చేసిన ఎన్టీపీసీ కేంద్రం 2,600 మెగావాట్లకు పెరిగింది. పక్కనే 2023, 2024 సంవత్సరాల్లో రెండు 800 మెగావాట్ల యూనిట్లు జాతికి అంకితమయ్యాయి. గోదావరి దాటితే జైపూర్‌లో సింగరేణిది 1,200. అంతా కలిపితే 5,400 మెగావాట్ల బొగ్గు కరెంటు! ఎత్తయిన చిమ్నీల పొగ రాత్రి వేళ ఆ వెచ్చటి పొర పైనుంచి సాగిపోతుంది, కింద ఉన్నవాళ్లకు తెలియదు. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి కింది నుంచి సుళ్లు తిరుగుతూ లేస్తుంది. ఆ సుళ్లు పొగను అందుకోగానే రాత్రంతా పైన పోయినది కొద్దిసేపు నేలకు దిగుతుంది. అది పిల్లలు బడికి, కార్మికులు మొదటి షిఫ్టుకు పోయిన తర్వాతి సమయం.

అందుకే 24 గంటల సగటును ఒక్కదాన్నే నమ్మలేను. పీఎం 2.5 అనే సన్నటి ధూళి కణాలకు మన దేశం పెట్టుకున్న రోజు హద్దు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 15. మధ్యాహ్నపు తేట గాలినీ పొద్దుటి చిక్కటి గాలినీ కలిపి సగటు తీస్తే అసలు బాధపెట్టిన గంటలు కాగితం మీద మాయమవుతాయి. బొగ్గు పట్టణాల జనానికి గంట గంటకూ లెక్క తెలియాలి. ఇది పెద్ద కోరికేం కాదు.

ఇదే రామగుండంలో పొగ లేని విశేషమూ ఒకటుంది. ఎన్టీపీసీ జలాశయం మీద తేలే 100 మెగావాట్ల సోలార్ కేంద్రం 2022 జూలై 1 నుంచి పూర్తిగా పనిచేస్తోంది. అప్పటికి దేశంలో అంత పెద్దది ఇంకొకటి లేదు.

రోహిణి కార్తెలో

ఎండకాలం మధ్యాహ్నం గాలి రెండు మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా కలగలుస్తుంది కాబట్టి పొగ పలచబడుతుంది. కానీ వడగాలి ఊరుకోదు. కుందనపల్లి బూడిద చెరువు, ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల (ఓసీపీల) మట్టిగుట్టలు ఎండి దుమ్మై లేస్తాయి. ఎండకాలం గాలికి ఇంకో బాధ ఓజోన్, అది ఏ చిమ్నీ నుంచీ రాదు. వాహనాలు, కొలుముల వాయువుల మీద ఎర్రటి ఎండ పడి గాలిలోనే తయారవుతుంది, కంటికి కనబడదు.

649.8 మిల్లీమీటర్లు

మిరుగం చినుకులతో దుమ్ము అణగుతుంది, బట్టీలు ఆగుతాయి. ఒక్క రోజు వానలో రాష్ట్ర రికార్డు మన పొరుగున ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటది: 2023 జూలైలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు. 2013లో వాజేడులో పడిన 517.5 దాని ముందు చిన్నబోయింది. గాలికి మాత్రం కుండపోత కన్నా వారం రోజుల ముసురు మేలు. కుండపోత ఆగి రెండెండలు కాస్తే రోడ్డు మళ్లీ దుమ్మే, ముసురులో నేల ఆరదు. వానలు వెనకబట్టి బతుకమ్మ పూలు విరిసే రోజులకు ఏడాది మొత్తంలోకెల్లా తేట గాలి మనది.

మార్చిలో ఇంకో పొగ మొదలవుతుంది. టేకు ఆకు రాలిన అడవుల్లో ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద చెత్తకు నిప్పు పెడతారు, అది పాకుతుంది. ఆ పువ్వు మీద బతికేవాళ్లను తప్పుపట్టి లాభం లేదు. చెట్టు కింద వలలు పరిస్తే పువ్వు మట్టి అంటకుండా దక్కుతుంది, నిప్పు అవసరమే రాదు. ఆ వలలను గూడేల్లో ప్రతి ఇంటికీ ఫిబ్రవరిలోనే అందించాలి.